24 గంటల కాగితం: బోరబండలో ఒక కుటుంబంతో ఎనిమిది నెలలు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు చేసుకోవడానికి వీలయ్యేలా థెరపీ చేయించేదాన్ని. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో చిన్నపిల్లలతో, ఎక్కువగా మూడేళ్ల లోపు వాళ్లతో పనిచేస్తున్నాను. ఈ కేసులో పాపకి మొదటి నాలుగు నెలలు సెంటర్లో నేను చేయించిన థెరపీ కంటే, ఆ తర్వాత వాళ్లింట్లో చాప మీద అందరితో కూర్చుని చేసిన పనే ఎక్కువ ఉపయోగపడింది. అందుకే రాస్తున్నాను. పాపను బుజ్జి అంటాను. ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పాప పరిస్థితి

బుజ్జి 2022 ఏప్రిల్‌లో నెలలు నిండాకే పుట్టింది. కాన్పు కష్టమైంది. పుట్టగానే ఏడవలేదు, మెదడుకి ఆక్సిజన్ అందలేదు. మొదటి రోజే ఫిట్స్ వచ్చాయి. 19 రోజులు ఐసీయూలో ఉంచారు. ఆరో నెలలో నిద్ర లేచినప్పుడల్లా చేతులు రెండూ ముందుకు చాచి, తల వంచి, ఒకదాని వెంట ఒకటిగా పది పదిహేను సార్లు ఉలిక్కిపడేది. ఇంట్లో దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. అవి ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ అనే రకం ఫిట్స్ అని తెలిసి మందు మొదలయ్యేసరికి రెండున్నర నెలలు గడిచిపోయాయి. చంటిపిల్లలు నిద్ర లేవగానే ఇలా వరసగా ఉలిక్కిపడుతుంటే ఫోన్లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకి చూపించండని నేను కనిపించిన ప్రతి తల్లికీ చెబుతుంటాను. మందు ఆలస్యమయ్యేకొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

మా దగ్గరికి వచ్చేసరికి పాపకి రెండేళ్లు. కాళ్లూ చేతులూ నాలుగూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ, కదలికల స్థాయి చెప్పే జీఎంఎఫ్‌సీఎస్ కొలతలో ఐదో లెవెల్. అంటే మెడ కూడా సరిగా నిలవదు, అన్నిటికీ ఇంకొకరు పట్టుకోవాలి. కళ్లు బాగానే ఉన్నాయి గానీ చూసినదాన్ని మెదడు పోల్చుకోలేదు. ఎర్రటి వస్తువు పక్క నుంచి కదిలితే మాత్రం తల తిప్పుతుంది. మింగడం కష్టం. అంతకు ముందు చలికాలంలో రెండుసార్లు నిమ్ము చేసి ఆసుపత్రిలో పెట్టారు. 2024 ఆగస్టులో తూచినప్పుడు 7.2 కేజీలు. ఆ వయసు ఆడపిల్ల 12 కేజీల దగ్గర ఉండాలి.

ఇల్లు బోరబండలో, రెండో అంతస్తులో రెండు గదులు, లిఫ్ట్ లేదు. నాన్న ఏసీ మెకానిక్. అమ్మ పెళ్లికి ముందు టైలరింగ్ చేసేది. రెండో తరగతి చదివే అన్న. దేవరకొండ వైపు ఊరి నుంచి వచ్చి ఉంటున్న నాయనమ్మ. మూసాపేటలో పిన్ని.

ఆగస్టులో ఆ రోజు

అమ్మ వారానికి మూడు రోజులు పాపను తీసుకుని తిరిగేది. ఒక రోజు మా దగ్గరికి, ఒక రోజు ఫిజియోథెరపీకి, ఒక రోజు స్పీచ్ థెరపీకి. మూడు చోట్లా మూడు ఫైళ్లు. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకి టికెట్ లేదు, నిజమే. కానీ మెడ నిలవని పాపను భుజాన వేసుకుని, రెండో చేత్తో మందుల సంచీ పట్టుకుని రద్దీ బస్సెక్కడం ఎలా ఉంటుందో టికెట్ ధర చెప్పదు. ఆటో అయితే వెళ్లిరావడానికి మూడున్నర వందలు.

ఆ రోజు నేను పాప కాళ్లకి స్ట్రెచింగ్ చేయిస్తూ, "ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు చేస్తున్నావమ్మా?" అని అడిగాను. జవాబు రాలేదు. తిరిగి చూస్తే గోడకి ఆనుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. ఒక చేతివేళ్లు పాప గౌను అంచుని పట్టుకునే ఉన్నాయి.

అంతకు రెండు వారాల ముందు ఆ ఫైల్లో "తల్లి హోం ప్రోగ్రాం (ఇంట్లో చేయించమన్న వ్యాయామాలు) సరిగా చేయడం లేదు" అని రాసింది నేనే.

ఆమెను లేపలేదు. తర్వాతి పాప తల్లిని కాసేపు కూర్చోమన్నాను. నలభై నిమిషాల తర్వాత ఉలిక్కిపడి లేచింది, "సారీ మేడం, సారీ మేడం" అంటూనే ఉంది. టీ తెప్పించి, ఒక తెల్లకాగితం మీద 24 గడులు గీశాను. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇవాళ పొద్దున లేచేదాకా ఏ గంటలో ఏం జరిగిందో చెప్పమన్నాను. ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో, అంటే చిన్నవయసులోనే మొదలుపెట్టే ఇలాంటి థెరపీలో, దీన్ని దినచర్య ఆధారంగా చేసే ఇంటర్వ్యూ అంటారు. నాకు ఎప్పటినుంచో తెలిసిన పద్ధతే. ఈ కుటుంబంతో మొదటి రోజే చేయాల్సింది.

పాపకి తినిపించడం రోజుకి ఐదుసార్లు, మొత్తం 5 గంటల 40 నిమిషాలు. వాంతి చేసుకుంటే మళ్లీ మొదటికి. రాత్రి నాలుగుసార్లు లేవడం. నిద్ర అన్నీ కలిపి నాలుగు గంటల లోపు, అందులో పొడుగైన ముక్క గంటా ఇరవై నిమిషాలు. ఇక మూడు సెంటర్ల వాళ్లం విడివిడిగా రాసిచ్చిన వ్యాయామాలు కూడితే 23 తేలాయి. మేం చెప్పినట్టు చెప్పినన్నిసార్లు చేస్తే రోజుకి 3 గంటల 10 నిమిషాలు కావాలి. వంట, బట్టలు, నీళ్లు, పెద్దోణ్ణి స్కూలుకి పంపడం కూడా ఉన్న ఆ కాగితం మీద ఆ మూడు గంటలు పెట్టడానికి చోటు లేదు. ఆమె తన స్నానానికి గడి అడగనే లేదు. "అది పాప పండుకున్నప్పుడు గబగబ అయిపోతది మేడం" అంది.

రాత్రి 2 గంటల గడిలో 'ఫిట్స్ మందు' అని ఉంది. మూడుపూటలా ఎనిమిదేసి గంటలకి వేయమన్నారట. ఆసుపత్రి నుంచి పంపిన రోజు మొదటి డోసు పొద్దున 10కి పడింది కాబట్టి 10, సాయంత్రం 6, రాత్రి 2. ఏడాదిన్నరగా ఆమె 2 గంటలకి అలారం పెట్టుకుని లేస్తోంది. న్యూరాలజిస్టుకి ఫోన్ చేశాను. ఆయన డోసు వేళల్ని నెమ్మదిగా జరుపుతూ పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10కి తెచ్చారు. అదే మందు, అదే ఎనిమిది గంటల ఎడం. ఏడాదిన్నరలో మాలో ఎవ్వరం ఆ ప్రశ్న అడగలేదు.

అదే కూర్చోవడంలో, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా ఆమెను అడిగాను. ఈ ప్రశ్న నేరుగా అడగాలి, డొంకతిరుగుడుగా అడిగితే "లేదు మేడం" అనేస్తారు. పాపను పట్టుకుని రెండో అంతస్తు మెట్ల దగ్గర నిలబడినప్పుడు అనిపిస్తుందని చెప్పింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట. ఆ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి నేను వెంట వెళ్లాను. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎప్పుడైనా చేయడానికి మానసిక సాయం కోసం ఉన్న ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఆమె ఫోన్లో వేశాం. తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. ఆ నెలంతా పిన్ని రాత్రిళ్లు వచ్చి పడుకునేలా ఏర్పాటు చేసుకున్నాం.

చాప మీద మీటింగ్

ఒక ఆదివారం రాత్రి ఎనిమిది దాటాక, నాన్న పని నుంచి వచ్చాక, వాళ్లింటికి వెళ్లాను. అందరినీ ఒక్కటే అడిగాను: వచ్చే మూడు నెలల్లో ఈ ఇంట్లో ఒక్కటి మారితే ఏది మారాలి?

అమ్మ వెంటనే చెప్పింది. "ఒక్క రాత్రి నాలుగు గంటలు వరసగ పండుకోవాలె."

నాయనమ్మ: "పిల్ల కడుపు నిండ తినాలె బిడ్డా."

పెద్దోడు తలుపు చాటు నుంచి, "అమ్మతోటి జూకి వోవాలె" అన్నాడు. బుజ్జితోనా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. అమ్మ మొహం మాడిపోయింది. తప్పేం లేదు, అడిగినట్టే రాసుకుంటాను అని చెప్పి రాసుకున్నాను.

నాన్న మాత్రం "నాకేం లేదు మేడం" అన్నాడు. తిరిగి వెళ్తుంటే చెప్పులేసుకుని కిందిదాకా వచ్చాడు. మొదటి అంతస్తు మెట్ల మీద ఆగి చెప్పాడు: ఐసీయూ బిల్లు కోసం, ఆ తర్వాత నిమ్ము చేసినప్పుడు కలిపి 2,80,000 అప్పుంది, మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకి 8,400 వడ్డీకే పోతుంది. భార్య మాత్రం లక్షే అనుకుంటోంది. అందుకే రాత్రి పదకొండు దాకా పని పట్టుకుంటున్నాడు. ఆమేమో అతనికి పాపంటే పట్టింపు లేదనుకుంటోంది. అతను ఇంకో మాట చెప్పాడు. ఒకసారి తన చేతుల్లోనే పాపకి ఫిట్స్ వచ్చాయట. అప్పటి నుంచి ఎత్తుకోవాలంటే చేతులు వణుకుతాయట.

అప్పు సంగతి నేను చెప్పనన్నాను, నీకు నువ్వే చెప్పుకోవాలన్నాను. పది రోజులకి చెప్పాడు. ఆమె ఒకరోజంతా మాట్లాడలేదట. మర్నాడు మెడలో రెండు తులాల గొలుసు తీసి ఇచ్చింది. బ్యాంకులో పెట్టి లక్ష తెచ్చి మూడు రూపాయల వడ్డీ అప్పులో కట్టారు. "అడిగితే ఏడాది కిందనే ఇచ్చేదాన్ని గద" అని నాతో అంది. నేను థెరపిస్టుని, ఇంటి లెక్కల్లో నాకు పని లేదు. కానీ ఆ వడ్డీ తగ్గాకే అతను సాయంత్రాలు ఇంటికి రావడం మొదలైంది.

తిండి

నాయనమ్మ కోరిక దగ్గర్నుంచే థెరపీ మొదలుపెట్టాను. ఎందుకంటే ఆ కాగితం మీద అన్నిటికంటే పెద్ద ముక్క అదే.

అప్పటిదాకా వాళ్లు తినిపించే తీరు ఇది: అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, పాపను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో పాలు, పలచటి జావ పోసేది. మన ఇళ్లలో చంటిపిల్లలందరికీ అలాగే పోస్తారు, పెద్దవాళ్లు నేర్పిందీ అదే. కానీ మెడ వెనక్కి వాలిపోయే, మింగడం ఆలస్యమయ్యే పాపకి పలచటిది గొంతులో పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చలికాలంలో రెండుసార్లు నిమ్ము చేయడానికి అది ఒక కారణం అయి ఉంటుందని డాక్టరు కూడా అన్నారు. మింగడం పరీక్ష చేయించాం.

నిటారుగా కూర్చోబెట్టడానికి కుర్చీ కావాలి. బయట కొంటే వేలల్లో ఉంది. నేను పాప వీపు పొడవు, తుంటి నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి మడమ దాకా కొలిచి కాగితం మీద రాసిచ్చాను. నాన్న రెండు రాత్రులు కూర్చుని ప్లాస్టిక్ పైపులు, పాత ప్లైవుడ్ ముక్కతో గది మూలలా రెండు వైపులా ఆసరా ఉండే కుర్చీ చేశాడు. ఏసీ పైపులకి చుట్టే నల్ల ఫోమ్ ఉంటుంది చూడండి, అది అంచులన్నిటికీ చుట్టాడు. తొడల మధ్య చిన్న దిమ్మ కావాలంటే దానికీ అదే చుట్టాడు. మొదటిసారి బుజ్జిని అందులో కూర్చోబెట్టింది అతనే. నేను మెడ వెనక చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించాను. చేతులు వణికాయి. పాప గడ్డం కొంచెం కిందికి వంచి, ఎర్ర చెంచా కుడివైపు నుంచి కళ్ల ముందుకి తెచ్చాం. తల అటు తిప్పింది. నోరు తెరిచింది. చెంచాలో అరచెంచా పప్పన్నం, మెత్తగా మెదిపి నెయ్యి కలిపింది. పెట్టి ఆగాం. గొంతు కదిలేదాకా లోపల లెక్కపెట్టమన్నాను. ఏడు దగ్గర మింగింది. అందరూ ఊపిరి వదిలారు.

అంగన్‌వాడీకి అమ్మ ఏడాదిగా వెళ్లడం లేదు, అక్కడ అందరూ పాపను చూసి అడుగుతారని. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకి నెలకి రెండున్నర కేజీల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. ముందే వేయించిన పిండి, వేడినీళ్లలో కలిపితే కావాల్సినంత చిక్కగా వస్తుంది. నాయనమ్మ వెళ్లి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. పూటకి గంటకి పైగా పట్టే తిండి డిసెంబరుకి 35 నిమిషాలకి వచ్చింది.

అదే సమయంలో ఫిజియో, స్పీచ్ వాళ్లతో మాట్లాడి 23 వ్యాయామాల్ని ఐదుకి తగ్గించాం. ఆ ఐదూ విడిగా చేసేవి కావు: బట్టలు మార్చేటప్పుడు కాళ్లు దూరంగా చాపడం, స్నానంలో చేతివేళ్లు విప్పడం, ఇలా. సెంటర్‌కి రావడం వారానికి ఒక్కరోజే, నెలకి రెండుసార్లు నేనే ఇంటికి వెళ్తాను. ఒక కుటుంబంతో ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లం వాళ్ల వెనక ఉండాలి. థెరపీ తగ్గిస్తే పాప వెనకబడిపోదా అని ఒక సహోద్యోగి గట్టిగానే అడిగింది. జరగని 23 కంటే జరిగే ఐదు మేలు అన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

తాళంచెవులు

నాయనమ్మ గురించి అమ్మ మొదట్లో చాలా బాధగా చెప్పింది. గ్రహణం రోజు కోడలు కత్తిపీట పట్టింది, అందుకే పిల్ల ఇలా పుట్టిందని చుట్టాలందరి ముందూ అనేదట. ఫిట్స్ వస్తే పాప పిడికిలి బలవంతంగా విప్పి తాళంచెవుల గుత్తి పెట్టేది, ఉల్లిపాయ వాసన చూపించేది.

ఒక మధ్యాహ్నం ఆమెతో ఒంటరిగా కూర్చున్నాను. "ఎవరు నేర్పిండ్రు పెద్దమ్మా తాళాలు పెట్టాలని?" అని అడిగాను. చాలాసేపు చీర కొంగు మడత పెట్టుకుంటూ ఉండిపోయింది. తర్వాత చెప్పింది. ఆమెకి ఇద్దరు పిల్లలు జ్వరం, ఫిట్స్‌తో పోయారు. ఊళ్లో డాక్టరు లేడు. రెండోవాడప్పుడు తాళాలు దొరకలేదు, వెతికేలోపు పోయాడు. "అప్పటి సంది కొంగుకి కట్టుకునే ఉంట బిడ్డా" అని చూపించింది.

ఆ తాళాలు తీసేయమని నేను చెప్పలేదు. చేతిలో పెట్టకు, కొంగుకే ఉండనీ, దాంతోపాటు ఈ పని చెయ్యి అని చూపించాను. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్ట వదులు చేయాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు కూడా. ఐదు నిమిషాలు దాటితే డాక్టరు రాసిన ముక్కు స్ప్రే కొట్టి 108కి ఫోన్. ఆమెకి గడియారం చదవడం రాదు. గోడ గడియారం చూపించి, పొడుగు ముల్లు ఒక అంకె నుంచి పక్క అంకెకి పోయేంత సేపు అని చెప్పాను. దిండుని పాప అనుకుని ఆమె, నాన్న, పిన్ని ఒకరి తర్వాత ఒకరు చేసి చూపించారు. ఆమెకి చెప్పిన ఇంకో మాట: పుట్టేటప్పుడు గాలి అందక మెదడుకి దెబ్బ తగిలింది, కత్తిపీటకి దీనికి సంబంధం లేదు, నీ పిల్లలు పోయింది కూడా నీ తప్పు కాదు.

జనవరిలో ఇంట్లో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు ఫిట్స్ వచ్చాయి. ముల్లు అంకె చేరకముందే ఆగిపోయాయి. పక్కకి తిప్పి పట్టుకునే కూర్చుందట. ఆ రోజు నుంచి కోడలు ఆమె దగ్గర పాపను వదిలి బయటికి వెళ్తోంది.

పెద్దోడి సంగతి. అక్టోబరులో ఒకరోజు నేల మీద పడి చేతులూ కాళ్లూ కొట్టుకుంటూ "నాకు గూడ ఫిట్స్ వస్తున్నయ్" అన్నాడట. భయంతో, కోపంతో అమ్మ ఒకటి వేసింది, తర్వాత ఇద్దరూ ఏడ్చారు. అతనికి నేను మూడు ముక్కలు చెప్పాను: ఇది అంటుకునే జబ్బు కాదు, నీకు రాదు, నువ్వు ఏదో అన్నందుకో కొట్టినందుకో రాలేదు. మూడోది విన్నాక మొహం చూస్తే, ఆ అనుమానం ఎన్నాళ్ల నుంచో ఉందని అర్థమైంది. చెల్లి పనులేవీ అతనికి అప్పజెప్పొద్దన్నాను. స్కూలుకి దింపేది నాయనమ్మ నుంచి అమ్మకి మార్చాం. రానూపోనూ ఇరవై నిమిషాలు, బుజ్జి లేకుండా.

కాగితాల పని

చిన్నగానే చెబుతాను, కానీ ఇదీ థెరపీలో భాగమే. మీసేవలో స్లాట్ బుక్ చేసి సదరం క్యాంపులో వైకల్య ధ్రువపత్రం తీసుకున్నాం. నాన్నకి మూడు రోజుల పని పోయింది. 40 శాతం దాటితే చిన్నపిల్లలకైనా ఆసరా పింఛను వస్తుంది, అప్పట్లో నెలకి 4,016. మొదట్లో కట్టిన వడ్డీలో సగం కూడా కాదు, అయినా మందులకి అక్కరకొస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. బిల్లులు అసలువి దాచుకోవాలి. గార్డియన్‌షిప్ కాగితాలు ఇప్పుడే చేయించుకోవాలని ఒక ఏజెంటు వాళ్ల దగ్గర ఐదు వేలు అడిగాడు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి తల్లిదండ్రులే గార్డియన్లు, ఆ కాగితం అక్కర్లేదు. సమయానికి నాకు ఫోన్ చేశారు.

ఏప్రిల్ నాటికి

2025 ఏప్రిల్‌లో బుజ్జికి మూడేళ్లు నిండాయి. బరువు 8.9 కేజీలు. పెరిగింది, కానీ చాలదు. పొట్ట దగ్గర ట్యూబ్ వేయించే సంగతి ఆలోచించమని డాక్టరు చెప్పారు. నాన్న సరే అంటున్నాడు, అమ్మకి భయం, నాయనమ్మ "నోట్లకెంచి తింటుంటే పొట్టకెందుకు బొక్క" అంటోంది. ట్యూబ్ ఉన్నా రుచికి నోటితో పెట్టొచ్చని చెప్పాను. ట్యూబ్ ఉన్న ఇంకో పాప తల్లితో మాట్లాడించాను. నిర్ణయం వాళ్లది, తొందరపెట్టడం లేదు. కానీ వచ్చే చలికాలం లోపు తేలాలి. ఈ చలికాలం ఒకసారి జలుబు, దగ్గు వచ్చాయి, ఆసుపత్రిలో చేర్చే దాకా పోలేదు. తుంటి ఎముక జారుతోందేమో చూడటానికి ఎక్స్‌రే తీయించాలి, ఈ లెవెల్ పిల్లలకి అది తప్పనిసరి. బాలామృతం ప్యాకెట్ వయసు దాటిపోయింది, నాయనమ్మ రాగులు, పెసలు, పల్లీలు వేయించి ఇంట్లోనే పిండి పట్టిస్తోంది.

అమ్మ ఇప్పుడు వారంలో నాలుగు రాత్రులు ఐదేసి గంటలు వరసగా పడుకుంటోంది. రాత్రి 10 డోసు నాన్నది, ఆ తర్వాత రెండు దాకా పాప ఏడిస్తే లేచేదీ అతనే. సైకియాట్రిస్టు మందు ఇంకా వాడుతోంది. మధ్యాహ్నాలు రెండు గంటలు కింది వీధి టైలర్ దగ్గర ఫాల్స్ కుట్టడానికి వెళ్తోంది. మొదటి రోజు పావుగంటకోసారి ఇంటికి ఫోన్ చేసిందట.

పోయినసారి వెళ్లినప్పుడు ఇంకో 24 గంటల కాగితం గీశాం. తినిపించే గడుల్లో ఇప్పుడు మూడు పేర్లున్నాయి. స్నానం గడిలో అమ్మ తన పేరు తనే రాసుకుంది. జూ మాత్రం ఇంకా కాలేదు. ఎండలు, పైగా ఏసీల సీజను, నాన్న దొరకడు. జూన్‌లో వానలు పడ్డాక ఒక ఆదివారం బుజ్జిని నాన్న, నాయనమ్మ చూసుకుంటారు. అమ్మ, పెద్దోడు వెళ్తారు. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో ఆ మాట పెద్దోడే రాశాడు, పక్కన ఏనుగు బొమ్మ వేసి.